రీఫండ్ సారు దగ్గరకు వెళ్లేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర మెడికల్ షాపు పైన, రెండో అంతస్తులో కూర్చుని, జీతంలో కోసిన పన్ను వెనక్కి తెప్పిస్తానని రిటర్నులు వేసే రీఫండ్ సారు గురించే రాస్తున్నాను. పేరు రాయను. ఆటోనగర్‌లో నెల జీతం మీద బతికేవాళ్లకు రాయాల్సిన అవసరమూ లేదు, మీలో సగం మంది ఫారం-16లు, అదే జీతమూ పన్ను కోతా చూపే కాగితాలు, ఆయన బీరువాలోనే ఉన్నాయి. ఈ మధ్యాహ్నమే ఆ మెట్లు దిగి వచ్చాను. ఒళ్లు ఇంకా మండుతోంది, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

పాత కథ రెండు ముక్కల్లో చెబుతాను. 2022-23లో నా జీతం 8,90,000. స్టాండర్డ్ డిడక్షన్, 80సీ కింద పొదుపుల మినహాయింపు అన్నీ పోగా, టీడీఎస్ కింద, అంటే జీతంలోనే పన్నుగా 52,520 కోశారు. ఆఫీసులో ఒకాయన తనకు ముప్పై వేలు వెనక్కి వచ్చాయని చెబితే నేనూ వెళ్లాను. మూడు వారాల్లో నా ఖాతాలో 38,480 పడ్డాయి. సారుకు 15 శాతం, అంటే రౌండుగా 5,800 చేతిలో పెట్టి, పైగా దండం కూడా పెట్టి వచ్చాను. ఆ దండం తలుచుకుంటే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

ఎలా పడ్డానో చెప్పాలి, ఎందుకంటే మీకూ అదే పాట వినిపిస్తాడు. "కింద హోల్‌సేల్ షాపాయన ఏడాదికి 80 లక్షల వ్యాపారం చేస్తాడండీ. చిన్న వ్యాపారులకున్న 44ఏడీ సెక్షన్ కింద అందులో ఆరు శాతం లాభం చూపిస్తే చాలు, 4,80,000. అయిదు లక్షలు దాటలేదు కాబట్టి పన్ను సున్నా. లెక్కల పుస్తకాలు కూడా అక్కర్లేదు. మీకేమో జీతం చేతికి రాకముందే కోత. మీరేం పాపం చేశారు?" అన్నాడు. తర్వాత చూసుకుంటే అందులో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. డబ్బంతా బ్యాంకు ద్వారా వస్తే ఆరు శాతం చూపించవచ్చు, చట్టమే ఒప్పుకుంటుంది. ఆ షాపాయన తప్పేమీ చేయలేదు. కానీ ఆ మాట విన్నాక నాకు కడుపు రగిలిపోయింది, ఆ మంట మీదే ఈయన తన వంట వండుకున్నాడు. "దారులు అందరికీ ఉంటాయండీ, తెలిసినవాడు కావాలి అంతే" అన్నాడు. అప్పుడున్నది 1961 నాటి చట్టం, సవరణల మీద సవరణలు చేరి 819 సెక్షన్లు. నేను ఎక్కడని వెతుక్కోను? తెలిసినవాడు దొరికాడని మురిసిపోయాను.

మొన్న ఆదాయపు పన్ను శాఖ నుంచి ఫోనుకు సందేశం వచ్చింది, మీరు చూపిన మినహాయింపులు మరోసారి సరిచూసుకోండి అని. 2025 జూలైలో ఇలాంటి దొంగ మినహాయింపుల మీద దేశవ్యాప్తంగా 150 చోట్ల సోదాలు జరిగాయని చదివినప్పుడు "ఎవరో మోసగాళ్లు" అనుకుని పేపరు మడిచి పక్కన పెట్టినవాడిని. పోర్టల్‌లోకి వెళ్లి నా రిటర్ను నేను మొదటిసారి చదివాను. అవును, మొదటిసారే. రెండేళ్ల తర్వాత.

80జీజీసీ కింద రాజకీయ పార్టీకి 60,000 విరాళం ఇచ్చానట. మా వార్డు కార్పొరేటర్‌కు టీ కూడా ఇప్పించిన చరిత్ర నాకు లేదు. దాని పైన 80డీడీ కింద, అంటే ఇంట్లో వైకల్యం ఉన్నవాళ్లను పోషిస్తే ఇచ్చే మినహాయింపు కింద, 1,25,000. ఎవరికంటే మా అమ్మకు. 80 శాతానికి మించిన తీవ్ర వైకల్యం! ప్రతి శుక్రవారం ఇంద్రకీలాద్రి మెట్లు ఎక్కి అమ్మవారిని చూసి వచ్చే మనిషికి! ఆవిడకు చెప్పక తప్పలేదు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఎనభై పోతే, మిగతా ఇరవై శాతంతోనా నీకు రోజూ క్యారేజీ కడుతున్నాను?" అంది.

ఇక ఈ మధ్యాహ్నం సంగతి. వెళ్లేసరికి బల్ల మీద జిరాక్సుల గుట్ట, గుట్ట మీద టీ గ్లాసు. గ్లాసు కింద ఎవరిదో ఆధార్, ముఖం మీద గుండ్రంగా మరక. నేను కాగితం చూపించి, మా అమ్మను ఇలా ఎలా రాశారండీ అని అడిగాను. గొంతు పెంచలేదు. ఆయన కాగితం ముట్టుకోలేదు, నా వైపు చూడనూ లేదు. టీ ఒక గుక్క తాగి, "ఓటీపీ చెప్పింది ఎవరండీ?" అన్నాడు.

నేనే.

"డబ్బులు పడింది ఎవరి ఖాతాలో?"

నా ఖాతాలోనే.

"మరి నన్నడుగుతారేమిటి?" అని, నా వెనక నిలబడ్డ కుర్రాణ్ని "రండి, ఫారం-16 తెచ్చారా?" అని పిలిచాడు. నా భుజం మీదుగా! ఆ కుర్రాడు నన్ను పక్కకు జరగమన్నట్టు చూశాడు. రెండేళ్ల కిందట నేనూ ఎవరినో అలాగే చూసి ఉంటాను. పక్కకు జరిగాను కూడా. లేచి వస్తుంటే వెనక నుంచి, "అప్‌డేటెడ్ రిటర్న్ వేయాలంటే మూడు వేలు అవుతుంది, తెలిసినవారు కాబట్టి చెబుతున్నా" అన్నాడు. ఎంత దయో!

లెక్క చూడండి. నా చేతికి మిగిలింది 32,680. ఇప్పుడు వెనక్కి కట్టాల్సింది 38,480. తప్పు సరిదిద్దే ఆ అప్‌డేటెడ్ రిటర్న్ 2026 మార్చిలోపు వేస్తే దాని మీద 50 శాతం అదనం, అంటే వడ్డీ కలపకుండానే 57,720. ఇది మనంతట మనం ఒప్పుకుంటే. నోటీసు దాకా వచ్చి 270ఏ సెక్షన్ కింద తప్పుడు సమాచారమని తేల్చితే, ఎగ్గొట్టిన పన్నుకు రెట్టింపు జరిమానా. అసలు నవ్వొచ్చేది ఏమిటంటే, 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12,75,000 దాకా జీతానికి పన్నే లేదు. ఏ దారులూ వెతకక్కర్లేదు, ఏ సారూ అక్కర్లేదు. నేను మాత్రం పాత ఏడాదికి పన్నూ, పన్ను మీద పన్నూ కడుతున్నాను. కింద షాపాయన రోజూ లాగే షట్టర్ ఎత్తుకుని కూర్చున్నాడు.

రీఫండ్‌లో శాతం అడిగేవాడి దగ్గరకు వెళ్లకండి. రిటర్ను పోర్టల్‌లో ఉచితంగానే వేసుకోవచ్చు. ఓటీపీ చెప్పే ముందు మినహాయింపుల పేజీ ఒక్కసారి చదవండి, నేను చదవలేదు. ఆయన దగ్గర వేయించుకున్నవాళ్లు ఈ రాత్రే లాగిన్ అయి చూడండి. ప్రొఫైల్‌లో ఈమెయిల్ ఎవరిదో కూడా చూడండి, నా దాంట్లో ఆయనదే ఉంది. ముందు అది మార్చండి, తర్వాత పాస్‌వర్డ్.