ఏకాదశి ఉపవాసం, కార్తీక నక్తం, శనివారం ఒక్కపొద్దు: ఇన్సులిన్ రెసిస్టెన్స్ ఉన్నవాళ్ళకి ఏది మేలు?

మా ఇంట్లో ఈ మూడూ ఉన్నాయండి. అమ్మ నా చిన్నప్పటినుంచీ శనివారం ఒక్కపొద్దు ఉంటుంది, మా అత్తగారు ఏకాదశి తప్పరు, కార్తీకమాసం వచ్చిందంటే సోమవారాలు అందరం నక్తాలే. నాకు రెండేళ్ళ క్రితం మెడ వెనక నల్లగా, మందంగా అవడం మొదలైంది, మురికేమో అనుకుని సున్నిపిండి పెట్టి ఎర్రగా అయ్యేదాకా రుద్దేదాన్ని, తీరా టెస్టులు చేయిస్తే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1, రక్తంలో కొవ్వు, అదే ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, ఇన్సులిన్ రెసిస్టెన్స్ అన్నారు డాక్టరమ్మ. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్, 6.5 వస్తే షుగర్ కిందే లెక్క. ఒంట్లో చక్కెరని అదుపులో ఉంచే ఇన్సులిన్ లేక కాదు, కండరాలూ లివరూ దాని మాట వినట్లేదు, అందుకని ప్యాంక్రియాస్ ఇంకా ఇంకా తయారుచేసి నెట్టుకొస్తుంది, అది అలిసిపోయిన రోజున షుగర్ బయటపడుతుంది.

డైట్ చార్ట్ ఇచ్చారు, ఫ్రిజ్ మీద అంటించా, మూడు వారాలకే వదిలేశా. అదే వెంకన్నకి మొక్కుకున్న శనివారం మాత్రం ఒక్కటి కూడా తప్పలేదు, పెళ్ళిళ్ళకి వెళ్ళినా సరే. అప్పుడు అనిపించింది, కాగితం మీద లెక్కకి నిలబడని మనసు స్వామి దగ్గర నిలబడుతోంది కదా, మరి ఆ ఉపవాసంలో తినే తిండినే సరిగ్గా పెట్టుకుంటే ఎలా ఉంటుంది అని. అలా మూడింటినీ గ్లూకోమీటర్ పక్కన పెట్టుకుని చూశాను.

ముందు ఏకాదశి. పైకి చూస్తే ఇదే బెస్ట్ అనిపిస్తుంది, అన్నం ముట్టం కాబట్టి. ఇంతకుముందు మా వైపు ఏకాదశి అంటే పాలూ పళ్ళే, ఇప్పుడు యూట్యూబ్ చూసి సగ్గుబియ్యం కిచిడీ, బంగాళదుంప వేపుడు, సాయంత్రానికి సగ్గుబియ్యం పాయసం, మధ్యలో రెండు అరటిపళ్ళు. సగ్గుబియ్యం అంటే బియ్యం కాదు, కర్రపెండలం దుంపల నుంచి తీసిన పిండి, మా సామర్లకోట, పెద్దాపురం వైపు మిల్లుల్లో చూసినవాళ్ళకి తెలుసు. 100 గ్రాముల్లో 85 గ్రాములకి పైనే పిండిపదార్థం, పీచూ ప్రోటీనూ దాదాపు లేనట్టే. ఒక ఏకాదశి నాడు కిచిడీ తిన్న రెండు గంటలకి వేలు గుచ్చి చూసుకుంటే 186 చూపించింది, మామూలుగా అన్నం తిన్న రోజు కూడా నాకు అంత రాదు! భక్తిగా ఉపవాసం ఉండి ఒంటికి అన్నం రోజుకన్నా ఎక్కువ భారం పెట్టానన్నమాట, ఆ రోజు చాలా బాధేసింది. అదే గ్లాసు పాలు, ఒక జామకాయ, రెండుసార్లు మజ్జిగ, గుప్పెడు పల్లీలతో గడిపిన ఏకాదశి నాడు మీటర్ హాయిగా ఉంది. కాబట్టి తప్పు ఏకాదశిది కాదు.

కార్తీక నక్తం నాకు మనసుకి అన్నిటికంటే దగ్గర. పగలంతా ఏమీ తినకుండా, చీకటి పడ్డాక తులసికోట దగ్గర దీపం పెట్టి, చుక్కని చూసి భోజనానికి కూర్చోవడం, ఆ ఆకలిలో ఉండే ప్రశాంతత చెప్తే అర్థమయ్యేది కాదు. కానీ ఒంటి సంగతికొస్తే మూడింట్లో ఇదే వెనకబడుతుంది. రాత్రయ్యేకొద్దీ మనలో ఇన్సులిన్ పనితనం తగ్గుతుంది. 2018లో అమెరికాలో ప్రీడయాబెటిస్ ఉన్న 8 మంది మగవాళ్ళతో 5 వారాలపాటు మధ్యాహ్నం 3 లోపే రోజు తిండంతా ముగించేలా చేసి చూస్తే, బరువు తగ్గకపోయినా ఇన్సులిన్ పనితీరు మెరుగైంది. చిన్న స్టడీనే, కానీ మన నక్తం సరిగ్గా దానికి ఎదురు. పైగా పొద్దున్నుంచీ ఆకలి, ముందు పులిహోర, గారెలు, పరమాన్నం, పది నిమిషాల్లో తినేసి పదింటికి పడుకుంటాం. నేను మానలేదు, మానను కూడా, నాలుగైదు సోమవారాలే కదా. కందాబచ్చలి కూరా ముద్దపప్పూ ముందు తిని, తర్వాత కొంచెం అన్నం, పరమాన్నం ఒక చెంచా ప్రసాదంగా కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటా.

ఇక ఒక్కపొద్దు. నా ఓటు దీనికే. భోజనం మధ్యాహ్నం వస్తుంది, వారం వారం వస్తుంది, నీరసం తక్కువ. దీనిలో గొయ్యి ఎక్కడుందంటే రాత్రి ఫలహారంలో. "అన్నం కాదు కదే" అని అమ్మ ఐదు ఇడ్లీలు, లేకపోతే గిన్నెడు బొంబాయి రవ్వ ఉప్మా తినేది. ఇడ్లీలో సగానికి పైన ఉండేది బియ్యపు రవ్వే కదమ్మా అంటే ఒప్పుకోవడానికి నెల పట్టింది. ఇప్పుడు ఏడులోపు ఒక పెసరట్టు అల్లం పచ్చడితో, లేకపోతే శనగ గుగ్గిళ్ళు. మధ్యాహ్నం కంచంలో వరస మార్చా, ముందు కూర, పప్పు, చివర్న కొంచెం అన్నం పెరుగుతో. సాయంత్రం గుడికి నడిచే వెళ్ళి 11 ప్రదక్షిణలు. నడిచేటప్పుడు కండరాలు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలో చక్కెర లాక్కుంటాయి, చిలుకూరులో మొక్కు తీరాక 108 ప్రదక్షిణలు చేసేవాళ్ళకి తెలియకుండానే ఎంత నడకో చూడండి.

అయితే వారానికి ఒక్క రోజుతో పని జరిగిపోదు. మన దేశంలోనే చేసిన డయాబెటిస్ ప్రివెన్షన్ స్టడీలో (2006) తిండీ నడకా మార్చుకున్నవాళ్ళలో షుగర్ వచ్చే రిస్కు 28.5 శాతం తగ్గింది, షుగర్‌కి ఇచ్చే మాత్ర మెట్‌ఫార్మిన్ వేసుకున్నవాళ్ళలో 26.4 శాతం, అదంతా రోజూ చేసిన మార్పు. నాకు ఒక్కపొద్దు వల్ల జరిగిన అసలు మేలు ఏంటంటే శనివారం కంచం మెల్లిగా ఆదివారానికీ సోమవారానికీ పాకింది. పది నెలలకి హెచ్‌బీఏ1సీ 5.8 వచ్చింది, మెడ మీద నలుపు కొంచెం పలచబడింది, దణ్ణం పెట్టుకున్నా.

ఒక్క విషయం మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి. మా అత్తగారు షుగర్‌కి గ్లిమెపిరైడ్ వాడతారు, ఒక ఏకాదశి నాడు పొద్దున్నే మాత్ర వేసుకుని ఏమీ తినలేదు, పదకొండింటికి పూజగదిలోనే చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు, చూస్తే 58. పంచదార నీళ్ళు తాగించి పదిహేను నిమిషాలు నా ఒళ్ళో పడుకోబెట్టుకున్నా. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ ఇంజెక్షన్లు వాడేవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా ఉపవాసం వద్దండి, మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఆ భయం తక్కువే గానీ అడగడం మాత్రం అడగండి. కడుపుతో ఉన్నవాళ్ళూ అంతే. ఆమె ఆ తర్వాత డాక్టర్‌తో మాట్లాడి ఏకాదశి నాటి మాత్ర సంగతి మార్పించుకున్నారు, ఉపవాసం వదల్లేదు. మొన్నటి ఏకాదశికి సగ్గుబియ్యం నానబోయనా అత్తయ్యా అంటే, "వద్దులేమ్మా, రెండు జామకాయలు కోసి పెట్టు" అన్నారు.