మిక్స్‌లో మరుగున పడిన మాట: నాష్‌విల్‌లోని ఒక మిక్స్ సమీక్ష సేవపై నా అనుభవం

అమెరికాలోని నాష్‌విల్ శివార్లలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండే పెద్దాయన రాబర్ట్‌సన్ కౌంటీలో పొగాకు పండించే కుటుంబంలో పుట్టారు. అక్కడ కోసిన పొగాకును కొట్టంలో వేలాడదీసి, కింద గట్టి కలప నిప్పును మంట లేవకుండా రగిలించి, ఆ పొగలోనే ఆకును ఆరబెడతారు. తండ్రితో కలిసి ఆ నిప్పుకు కాపలా కాసిన రాత్రుల మీద ఆయన కట్టుకున్న ఒక కంట్రీ పాటను (అమెరికా పల్లెల్లో పుట్టిన సంగీత శైలి ఇది) గత చలికాలంలో మా ఇంట్లోనే రికార్డు చేశాం. నేను టంగుటూరు దగ్గర పొగాకు బ్యారన్ల, అంటే ఆకును మగ్గబెట్టే కొట్టాల, మధ్య పెరిగినవాణ్ని. మా వైపు ఆకుకు పొగ తగలనివ్వకుండా గొట్టాల వేడితోనే మగ్గబెడతారు కాబట్టి పద్ధతి వేరే అయినా, రాత్రంతా నిప్పును కనిపెట్టుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే ఆ పాటలో ఒక్క మాట కూడా వినేవారికి అందకుండా పోకూడదని మొదటి రోజునుంచీ పట్టుదలగా ఉన్నాను.

తీరా మిక్స్ చేసేసరికి, అంటే విడివిడిగా రికార్డు చేసిన గొంతునూ వాయిద్యాలనూ ఒక్క పాటగా కలిపేసరికి, జరిగింది సరిగ్గా అదే. మూడు నెలల్లో పదకొండు సార్లు మిక్స్ మార్చాను. ఇంట్లో స్పీకర్లలో బాగున్న పాట కారులో బాస్ మోతగా మారేది, ఫోనులో సన్నగా పీలగా వినిపించేది, అన్నిచోట్లా చరణాల్లో ఒక్కో పాదం చివరి మాట గిటార్ల కింద అణగిపోయేది. స్నేహితులకు వినిపిస్తే బాగుందన్నారే తప్ప ఎక్కడ బాగాలేదో చెప్పలేకపోయారు. అంతకుముందు 25 డాలర్లు కట్టి మరో చోటికి పంపితే, పాటను మరింత బిగ్గరగా చేసి తిప్పి పంపారు గాని, ఏం మార్చారో, ఎందుకు మార్చారో ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆ తర్వాతే నేను ఇప్పుడు రాస్తున్న ఈ సేవను ఆశ్రయించాను. కంట్రీ పాటల మిక్సింగే వృత్తిగా ఉన్న ఒక ఇంజనీరు ఒక్కరే దీన్ని నడుపుతున్నారు. లోపాలను కూడా చెప్పబోతున్నాను కాబట్టి పేరు ఇవ్వడం లేదు.

రుసుము 90 డాలర్లు. మన మిక్స్‌ను 24 బిట్ వేవ్ ఫైలుగానూ, మనం ఎలాంటి ధ్వని కోరుకుంటున్నామో చెప్పడానికి ఒక రెఫరెన్స్ పాటనూ పంపాలి. ఐదు పనిదినాల్లో ఆయన పాట వింటూ, ఆపుతూ, మాట్లాడుతూ రికార్డు చేసిన ఇరవై నిమిషాల వీడియో, ఒక పేజీ రాతపూర్వక సమీక్ష వస్తాయి. మనం దిద్దుకున్న మిక్స్‌ను నెలలోపు పంపితే మరొక్కసారి విని అభిప్రాయం చెబుతారు. ఫేడర్‌ను, అంటే ధ్వని మట్టాన్ని పెంచి తగ్గించే మీటను, మాత్రం ఆయన ముట్టుకోరు. చేయవలసిన పనంతా మనదే.

వీడియో మొదటి రెండు నిమిషాల్లోనే నాకు ఒళ్లు జలదరించింది. ఆయన నా బాస్ గిటార్ గ్రాఫును తెర మీద పెట్టి, పాట 'ఏ' (A) శ్రుతిలో ఉంది కాబట్టి 55 హెర్ట్జ్ దగ్గర ఉండే 'ఏ' స్వరం పదేపదే వస్తుందని, ఆ ఒక్క స్వరం మాత్రం పక్కనున్న 'డీ' (D), 'ఈ' (E) స్వరాలకంటే ఎనిమిది డెసిబెల్స్ పైన ఉందని చూపించి, "మీ గది పది అడుగుల వెడల్పు ఉంటుందా? మీరు సరిగ్గా గది మధ్యలో కూర్చుని మిక్స్ చేస్తున్నారా?" అని అడిగారు. నేను లేచి టేపు తెచ్చి కొలిచాను. పది అడుగుల నాలుగు అంగుళాలు. నా కుర్చీ సరిగ్గా నడిమధ్యన ఉంది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 1,130 అడుగులు ప్రయాణిస్తుంది కాబట్టి 55 హెర్ట్జ్ తరంగం పొడవు ఇంచుమించు ఇరవై అడుగుల ఆరు అంగుళాలు. అందులో సగం ఎదురెదురు గోడల మధ్య సరిగ్గా ఇమిడినప్పుడు గోడల దగ్గర ఆ స్వరం ఉబ్బి, గది మధ్యలో దాదాపు వినబడకుండా పోతుంది. వినబడని స్వరాన్ని నేను మూడు నెలలపాటు పెంచుకుంటూ పోయాను, కారు ఎక్కగానే అది మీద పడేది. బల్లను ముందుకు జరిపి, నా తల ఎదుటి గోడకు నాలుగు అడుగుల దూరంలో ఉండేలా కూర్చోమన్నారు. ఆ సాయంత్రం పాత మిక్స్‌ను అక్కడ కూర్చుని విన్నప్పుడు, ఇన్నాళ్లూ కారులో విసిగించిన మోత మొదటిసారి నా గదిలోనే వినిపించింది. ఇచ్చిన 90 డాలర్లకూ ఈ ఒక్క మాట చాలు.

బాస్ విషయంలో ఆయన మరో సలహా కూడా ఇచ్చారు. ఫోను స్పీకరులో బాస్ వినబడాలంటే దాని మట్టం పెంచి లాభం లేదని, 1950ల చివర, 60లలో నాష్‌విల్ స్టూడియోల్లో నిలువు బాస్ వాయించే స్వరాలనే ఆరు తీగల బాస్ గిటార్ మీద అరచేత్తో తీగలను అదిమిపట్టి పిక్‌తో మీటేవారని, ఆ టిక్ టిక్ చప్పుడువల్ల చిన్న రేడియోల్లో కూడా బాస్ నడక తెలిసేదని వివరించారు. దాన్ని టిక్-టాక్ బాస్ అంటారు. హెరాల్డ్ బ్రాడ్లీ ఈ వాయిద్యానికి పేరుపొందిన కళాకారుడు. నా దగ్గర అలాంటి గిటార్ లేదు కనుక మామూలు ఎలక్ట్రిక్ గిటార్ మీదే తీగలను అదిమి ఆ స్వరాలను వాయించి, బాస్ కింద చాలా తక్కువ మట్టంలో కలిపాను. ఫోనులో పాట నడక మొదటిసారి తెలిసింది.

గొంతు విషయానికి వస్తే, నేను పెద్ద హాలులో పాడినట్టు ప్రతిధ్వనినిచ్చే రివర్బ్ వేసి, బిగ్గరైన చోట్లను అణిచి హెచ్చుతగ్గులను తగ్గించే కంప్రెసర్ ఒక్కదానితోనే పన్నెండు డెసిబెల్స్ వరకు నొక్కేశాను. చిన్నప్పటినుంచి విన్న సినిమా పాటల అలవాటు కొద్దీ గొంతు చుట్టూ అంత జాగా లేకపోతే నాకు వెలితిగా తోచేది. ఈ పాటకు అది పనికిరాదని ఆయన నిర్మొహమాటంగా చెప్పారు. కథ చెప్పే గొంతు వినేవారి పక్కన కూర్చున్నట్టు ఉండాలి. అందుకని రివర్బ్‌ను చిన్న ప్లేట్‌కు (లోహపు రేకు కంపనాన్ని పోలిన రివర్బ్‌కు) మార్చి, అది మొదలవడానికి ముందు ముప్పై, నలభై మిల్లీసెకన్ల ఎడం ఇచ్చి, దాని కింది స్థాయిలను కోసేయమన్నారు. కంప్రెసర్ వేసేముందు ఫేడర్ ఆటోమేషన్‌తో, అంటే ఎక్కడ ఎంత మట్టం ఉండాలో గీతగా గీసిపెట్టి, మాట మాటనూ చేత్తో సరిచేయమన్నారు. పెద్దాయన ఊపిరి అందక పాదం చివర గొంతు దించే చోటు దగ్గర వీడియో ఆపి, పొగ అన్న మాట వచ్చే ఆ ఒక్క పాదాన్ని నాలుగుసార్లు వినిపించి, చివరి అక్షరాన్ని మూడు డెసిబెల్స్ పైకి లేపి చూడమన్నారు. పనంతా అయ్యాక పక్క గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి, బాగా తక్కువ శబ్దంలో వినమన్నారు. అప్పుడు కూడా మాటలూ స్నేర్ డ్రమ్మూ తెలిస్తే మిక్స్ దారిలో పడినట్టే. మూడు నిమిషాల నలభై సెకన్ల పాటకు ఆటోమేషన్ గీయడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ఆ తర్వాత కంప్రెసర్‌కు మూడు, నాలుగు డెసిబెల్స్ పని మాత్రమే మిగిలింది.

గిటార్ల సంగతి నేను ఊహించనిది. రెండు అకౌస్టిక్ గిటార్లూ ఒకే రీతిలో వాయించి కుడి ఎడమలకు పెట్టాను. ఈక్యూతో (ధ్వనిలో ఏ స్థాయి ఎంత ఉండాలో సర్దే సాధనంతో) ఎంత కోసినా అవి గొంతు మీదికే వస్తాయని, రెండోదాన్ని నాష్‌విల్ ట్యూనింగ్‌లో మళ్లీ రికార్డు చేయమని ఆయన సూచించారు. అంటే లావుగా ఉండే నాలుగు తీగలను తీసేసి, వాటి స్థానంలో పన్నెండు తీగల గిటార్ సెట్టులో వచ్చే సన్నని తీగలను ఒక స్థాయి పైన శ్రుతి చేయడం. అప్పుడు గిటార్ గొంతు తిరిగే మధ్య స్థాయిని వదిలేసి పైన మెరుపులా నిలుస్తుంది. మిక్స్‌లో సరిచేయలేని దాన్ని మిక్స్‌లోనే సరిచేయమని చెప్పకపోవడం ఈ సమీక్షలో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం.

పెడల్ స్టీల్‌ను, అంటే తీగల మీద లోహపు కడ్డీని జరుపుతూ, పెడళ్లు తొక్కుతూ వాయించే గిటార్‌ను, పెద్దాయన మిత్రుడు వాయించారు. ఆ తీగ ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారుతుంటే వీణ మీద గమకం విన్నట్టే ఉండేది కాబట్టి ఒక్క క్షణం కూడా ఆపబుద్ధి కాక, పాట పొడవునా వదిలేశాను. గొంతు పాడుతున్నంతసేపూ దాన్ని మ్యూట్ చేసి, పాదం ముగిశాక మాత్రమే బదులు పలకనివ్వమని ఇంజనీరు అన్నారు. వాయించినవారి అనుమతి అడిగి అలాగే చేశాను. ఆ మిత్రుడే, తాను మొదటినుంచీ అలా వాయిస్తానన్నానని గుర్తుచేశారు.

ఇక లోపాలు. డ్రమ్స్ గురించి ఇరవై నిమిషాల్లో రెండే వాక్యాలు చెప్పారు. బ్రష్‌లతో స్నేర్ మీద రైలు నడకలా సాగే ట్రైన్ బీటే ఈ పాటకు ఆధారం అయినప్పుడు అది చాలదు. తోడు గొంతును 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఆరు డెసిబెల్స్ తగ్గించమన్న సలహా కూడా నాకు సరిగా తోచలేదు. చేసి చూస్తే ఆ గొంతు దుప్పటి కింద పాడినట్టు అయింది కనుక రెండు డెసిబెల్స్ దగ్గరే ఆపాను. రెండో విడత సమీక్ష ఐదు రోజుల్లో రావలసింది పన్నెండు రోజులకు వచ్చింది, ఆలస్యానికి ముందుగా కబురు లేదు. వీడియో లింకు రెండు వారాలకే పనిచేయడం మానేసింది. డబ్బు కట్టిన వీడియోను దాచుకునే వీలు ఉండాలి, అది వచ్చిన రోజే డౌన్‌లోడ్ చేసుకోండి. ఈ విషయాన్ని వారికి రాశాను, క్షమించమని బదులిచ్చి ఫైలు పంపారు.

రెండో విడతలో ఆయన ఎత్తిచూపింది ఒక్కటే. నేను లిమిటర్‌తో (ధ్వని ఒక హద్దు దాటకుండా ఆపుతూ పాటను బిగ్గరగా చేసే సాధనంతో) పాటను మైనస్ 8 లఫ్స్ వరకు నెట్టాను. లఫ్స్ (LUFS) అంటే పాట మొత్తం ఎంత బిగ్గరగా వినిపిస్తుందో చెప్పే కొలత, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ బిగ్గర. స్పాటిఫై మామూలు సెట్టింగులో పాటలన్నిటినీ మైనస్ 14 దగ్గరికి సర్దుతుంది కాబట్టి బిగ్గరగా చేసినందువల్ల అక్కడ ఒరిగేదేమీ లేదు, బ్రష్‌ల మెత్తదనం మాత్రం పోతుంది. మైనస్ 12 దగ్గర వదిలేశాను.

ఒక పాటైనా పూర్తిగా మిక్స్ చేసి, ఎక్కడో తేడా ఉందని తెలిసీ అది ఎక్కడో తేలక ఆగిపోయినవారికి ఈ సేవ బాగా ఉపయోగపడుతుంది. ఫైలు పంపేటప్పుడు గది కొలతలు, స్పీకర్లు ఉన్న చోటు, కుర్చీ ఉన్న చోటు కూడా రాసి పంపండి. నా విషయంలో ఆయన ఊహించగలిగారు, ప్రతిసారీ అది సాధ్యం కాకపోవచ్చు. ఎవరో మిక్స్ చేసిపెట్టాలని కోరుకునేవారికి మాత్రం ఇది తగదు.

పెద్దాయన రెండో పాట సిద్ధం చేశారు. ఈసారి గిటార్లు రికార్డు చేయకముందే, ఒక్క గొంతూ ఒక్క గిటారూ ఉన్న ఫోను రికార్డింగును గది కొలతలతో సహా నిన్ననే ఆ ఇంజనీరుకు పంపాను.