ఆసుపత్రిలో కంప్యూటర్ రికార్డులు: ఒకేసారి మార్చడం మేలా, విడతలుగా మేలా?

ఒక ఆసుపత్రిలో కొత్త సాఫ్ట్‌వేర్ మొదలై మూడో వారం. మధ్యాహ్నం రౌండ్లో నర్సు బీపీ చూసి, ఆ అంకెల్ని ఎడమ అరచేతి మీద పెన్నుతో రాసుకున్నారు. కంప్యూటరేమో వార్డుకి ఆ చివర ఉంది. అక్కడికి వెళ్లేలోపు ఇంకో రెండు మంచాల దగ్గర పిలిచారు. అరచేతిలో మూడు బీపీలు, ఒక షుగర్ చేరాయి. ఈలోగా ఒకరికి డ్రెస్సింగ్ మార్చాల్సి వచ్చింది. దానికి ముందు చేతులు కడుక్కోవాలి కదా, కడుక్కున్నారు. తర్వాత ఏమీ మాట్లాడకుండా మళ్లీ మొదటి మంచం దగ్గరికి వెళ్లి బీపీ పట్టీ చుట్టడం మొదలుపెట్టారు.

నేను పక్కనే నిలబడి చూశాను. ఆ సాఫ్ట్‌వేర్ బాగానే ఉంది. దాన్ని తెచ్చిన తీరే బాగాలేదు. అందుకే ఏ కంపెనీది కొనాలని ఎవరైనా అడిగితే, అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుందని చెబుతాను. ఆసుపత్రి మొత్తాన్ని ఒకే తేదీన కంప్యూటర్‌కి మారుస్తారా, ఒక్కొక్కటిగా మారుస్తారా?

అసలు మారాలా వద్దా అన్న సందేహం నాకైతే లేదు. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో డాక్టర్లు మందుల ఆర్డర్లు చేత్తో రాయడం మాని కంప్యూటర్లో ఇవ్వడం మొదలుపెట్టాక, తీవ్రమైన మందుల పొరపాట్లు 55 శాతం తగ్గాయని డేవిడ్ బేట్స్ బృందం 1998లో చూపించింది. అర్థంకాని చేతిరాత ఉండదు, డోసు హద్దు దాటితే తెలుస్తుంది, పడని మందు రాస్తే హెచ్చరిక వస్తుంది. అదే ఆసుపత్రిలో ఆ తర్వాత రోగి చేతి పట్టీనీ మందు ప్యాకెట్టునీ స్కాన్ చేశాకే మందు ఇచ్చే పద్ధతి తెచ్చారు. వేళ తప్పడాన్ని పక్కన పెడితే, మందు ఇవ్వడంలో జరిగే మిగతా పొరపాట్లు 41 శాతం తగ్గాయని 2010లో తేలింది. ఇన్ని పొరపాట్లు ఆపగలమని తెలిశాక కూడా కాగితంతోనే ఉండిపోవడం నాకు సరైనదిగా అనిపించదు.

ఒకేసారి మార్చడానికి గట్టి కారణమే ఉంది. రోగి ఒక్కచోట ఉండడు. ఎమర్జెన్సీ నుంచి ఐసీయూకి, అక్కడి నుంచి వార్డుకి వెళ్తాడు. ఐసీయూలో కంప్యూటర్, వార్డులో కాగితం ఉంటే, మారిన ప్రతిసారీ మందుల జాబితాను ఎవరో ఒకరు చూసి చేత్తో ఎక్కించాలి. అప్పుడే ఒక మందు జారిపోతుంది, ఒక సున్నా ఎక్కువ పడుతుంది. అందరూ ఒకే రోజున మారితే ఈ తంటా ఉండదు. పాత కేస్ షీట్ చూడాలా, స్క్రీన్ చూడాలా అన్న అయోమయం కూడా ఉండదు.

కానీ పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రిలో జరిగింది చదివినవాళ్లెవరూ ఆ మాట తేలిగ్గా అనలేరు. అక్కడ కంప్యూటర్ ఆర్డర్లను ఆసుపత్రి అంతటా 6 రోజుల్లో తెచ్చారు. వేరే ఆసుపత్రుల నుంచి విషమ పరిస్థితిలో తరలించిన పిల్లల్లో మరణాలు అంతకుముందు 2.80 శాతం ఉంటే, ఆ తర్వాతి 5 నెలల్లో 6.57 శాతానికి చేరాయని అక్కడి డాక్టర్లే 2005లో ప్రచురించారు. వాళ్లు రాసిన కారణాలు ఏ ఆసుపత్రివాళ్లైనా ఒక్కొక్కటిగా చదవాల్సినవి. ఇంతకుముందు బిడ్డ దారిలో ఉండగానే మందుల ఆర్డర్లు రాసి సిద్ధం చేసేవాళ్లు. కొత్త పద్ధతిలో బిడ్డ వచ్చి, రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఆర్డరే పెట్టలేరు. కొన్ని సెకన్లలో రాసేసే ఆర్డరుకి ఇప్పుడు ఒకటి రెండు నిమిషాలు. ఐసీయూలో చేతికందేలా ఉండే మందుల్ని సెంట్రల్ ఫార్మసీకి మార్చారు. మంచం పక్కన ఉండాల్సిన డాక్టర్ కంప్యూటర్ ముందు కూర్చోవాల్సి వచ్చింది.

ఇది చదివి కంప్యూటరే ప్రమాదమని అనుకునేవాళ్లున్నారు. వాళ్లు సియాటిల్ సంగతి కూడా చూడాలి. అక్కడి పిల్లల ఆసుపత్రి అదే సాఫ్ట్‌వేర్ తెచ్చుకుంది. మరణాలు పెరగలేదని 2006లో రాశారు. అక్కడ తరచూ వచ్చే పరిస్థితులకి ఆర్డర్ల కట్టలు ముందే తయారుచేసి పెట్టుకున్నారు. ఊపిరి అందని బిడ్డ వస్తే ఒక్కో మందూ వెతకక్కర్లేదు, ఒక కట్ట తెరిచి బరువు చూసి డోసు సరిచేస్తే చాలు. సాఫ్ట్‌వేర్ ఒకటే, ముందు పడ్డ శ్రమ వేరు.

ఇక విడతలవారీగా మార్చడం. వినడానికి క్షేమంగా ఉంటుంది గానీ, దీనిలోనూ ఒక గొయ్యి ఉంది. సాధారణంగా వార్డుల లెక్కన విడగొడతారు, ఈ నెల మెడికల్ వార్డు, వచ్చే నెల సర్జికల్ వార్డు అని. అప్పుడు పైన చెప్పిన తంటా నెలల తరబడి సాగుతుంది. పైగా టెన్షన్ పడి, కాగితం మీదా కంప్యూటర్లోనూ రెండుచోట్లా రాయమంటారు. ఒకే విషయం రెండుచోట్ల ఉంటే ఎక్కడో ఒకచోట పాతబడి తీరుతుంది. ఆ పాతదాన్ని చూసే ఎవరో మందు ఇస్తారు.

నా మాట ఏంటంటే, వార్డుల లెక్కన కాకుండా పనుల లెక్కన విడగొట్టండి. ఒక పనిని ఒకటి రెండు వారాలు ఒక వార్డులో పరీక్షించి, అడ్డొచ్చినవి సరిచేసి, తర్వాత ఆసుపత్రి అంతటా ఒకే రోజున మార్చండి. ఆ రోజు నుంచి ఆ పనికి కాగితం ఉండకూడదు. మిగతా పనులు కాగితం మీదే సాగనివ్వండి.

మొదట ల్యాబ్ రిపోర్టులు, స్కాన్‌లు చూసుకోవడం పెట్టండి. ఇందులో డాక్టర్, నర్సు ఏమీ టైప్ చేయక్కర్లేదు. రిపోర్టు కోసం మనిషిని పరుగెత్తించే పని తప్పుతుంది. తమకు మేలు జరిగిందని వాళ్లకు తెలిశాకే వాళ్ల చేత పని చేయించడం మర్యాద. రెండోది అలర్జీలు, వాడుతున్న మందుల జాబితా. మూడోది ఆర్డర్లు. ఇక్కడ తొందర వద్దు. కట్టలు సిద్ధమయ్యేదాకా, రోగి రాకముందే ఆర్డర్ పెట్టగలరో లేదో పరీక్షించేదాకా తేదీ ప్రకటించొద్దు. హెచ్చరికలు కూడా మొదట ప్రాణం మీదికి వచ్చేవాటికే పెట్టండి. ప్రతి చిన్నదానికీ స్క్రీన్ మీద ఎర్ర పెట్టె ఎగిరిపడితే చదవకుండానే మూసేయడం చేతికి అలవాటైపోతుంది.

చివరికి పెట్టాల్సింది డాక్టర్ రాసే నోట్సు. అన్నిటికంటే సమయం తినేది ఇదే. అమెరికాలో 57 మంది డాక్టర్లను పక్కనే ఉండి గమనించిన 2016 నాటి అధ్యయనంలో, రోగులతో గడిపే ప్రతి గంటకీ దాదాపు 2 గంటలు కంప్యూటర్, కాగితాల పనికి పోతున్నాయని తేలింది. నోట్సుతో మొదలుపెట్టిన ఆసుపత్రిలో డాక్టర్లు మొదటి వారమే విసిగిపోతే తప్పు వాళ్లది కాదు.

ఒకరిద్దరు డాక్టర్లుండే క్లినిక్‌కి ఇంత అక్కర్లేదు. ఒక రోజు చూసుకుని, ఆ రోజు తక్కువమందిని పిలిచి, ఒకేసారి మారిపోవచ్చు.

రికార్డులు ఆసుపత్రిలోనే ఉండే సొంత సర్వర్‌లో దాచాలా, వేరే కంపెనీ నడిపే సర్వర్లలో ఇంటర్నెట్ ద్వారా (క్లౌడ్‌లో) దాచాలా అన్నది తర్వాత వచ్చే ప్రశ్న, అంత కష్టమైనదీ కాదు. సర్వర్ని చూసుకునే మనుషులు పగలూ రాత్రీ మీ దగ్గర లేకపోతే క్లౌడే మేలు. ఉంటే, పెద్ద పెద్ద స్కాన్‌లు రోజంతా తెరిచే ఆసుపత్రికి సొంత సర్వర్ పనికొస్తుంది. ఏదైనా సరే, రేపు వేరే సాఫ్ట్‌వేర్‌కి మారితే మన డేటా మొత్తం ఫైర్ (FHIR, రోగి రికార్డులకు), డైకామ్ (DICOM, స్కాన్‌లకు) లాంటి అందరూ వాడే ప్రమాణాల్లో తిరిగి ఇస్తారని ఒప్పందంలో రాయించుకోండి.

సొంత సర్వరైనా, క్లౌడైనా ఆగిపోయే రోజు మాత్రం వస్తుంది. 2017 మే 12న వన్నాక్రై వైరస్ ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆసుపత్రులను నడిపే ట్రస్టుల్లో కనీసం 80 ట్రస్టుల పనికి అడ్డుపడింది. దాన్ని అడ్డుకునే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే వచ్చింది, చాలాచోట్ల ఎక్కించలేదు. 2021 మేలో సైబర్ దాడి వల్ల ఐర్లండ్ ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ తన కంప్యూటర్లన్నీ ఆపేయాల్సి వచ్చింది. ఆ దాడి రెండు నెలల ముందు ఒక ఉద్యోగి తెరిచిన ఈమెయిల్ ఫైలుతో మొదలైంది.

అందుకని నెలకోసారి, ఒక గంటపాటు, ముందే చెప్పి ఒక వార్డులో స్క్రీన్లు ఆపండి. ఖాళీ ఫారాలు ఏ సొరుగులో ఉన్నాయో నైట్ డ్యూటీ నర్సుకి తెలుసా? రోగుల మందుల జాబితా ఆ ఉదయం ప్రింటు తీసి ఉంచారా? ల్యాబ్ నంబరు గోడ మీద ఉందా? గంట అయ్యాక, కాగితం మీద రాసినవన్నీ ఎవరు, ఎంతసేపట్లో కంప్యూటర్‌లోకి ఎక్కించాలో కూడా ఆ సొరుగులోనే రాసి పెట్టండి.