దుఃఖంలో ఉన్న పిల్లల చేతికి ఏ పుస్తకం?

అమ్మనో, స్నేహితుణ్ణో పోగొట్టుకుని కుంగిపోయిన పిల్లలకు ఏం చదవమని ఇవ్వాలంటే నాకు రెండు ఇంగ్లీషు నవలలు గుర్తొస్తాయి.

కేథరిన్ పాటర్సన్ ‘బ్రిడ్జ్ టు టెరబీథియా’ (1977)లో జెస్, లెస్లీ వాగు అవతల అడవిలో ఊహల రాజ్యం కట్టుకుంటారు. ఒకరోజు వాగు దాటడానికి పట్టుకుని ఊగే తాడు తెగి లెస్లీ చనిపోతుంది. జెస్ ముందు నమ్మడు, తర్వాత కోపంతో రగిలిపోతాడు. చివరికి వాగు మీద వంతెన వేసి చెల్లెల్ని అవతలికి తీసుకెళ్తాడు. హఠాత్తుగా విరుచుకుపడ్డ చావుకైతే ఇదే.

పాట్రిక్ నెస్ ‘ఎ మాన్‌స్టర్ కాల్స్’ (2011) దారి వేరు. 13 ఏళ్ల కానర్ తల్లికి ప్రాణాంతకమైన జబ్బు. రాత్రి 12:07కి ఇంటి వెనకాల చెట్టు రాక్షసుడై వస్తాడు. మూడు కథలు చెప్పి, నాలుగోది నువ్వే చెప్పమంటాడు. కానర్ దాచిన నిజం అందులో ఉంది: పీడకలలో వాడు అమ్మ చెయ్యి వదిలేశాడు. పట్టు జారి కాదు, ఈ బాధ ఇక అయిపోతే చాలనిపించి. నెలల తరబడి ఆస్పత్రుల చుట్టూ తిరిగే ఇళ్లలో పిల్లలకు ఈ ఆలోచన రావచ్చు. ఎవరికీ చెప్పుకోలేరు, తప్పంతా తమదే అనుకుంటారు. అలాంటి పిల్లలకు నా ఓటు కచ్చితంగా దీనికే. కాకపోతే జబ్బు ఇంకా నడుస్తుంటే ముందు పెద్దవాళ్లు చదివి, ఆ తర్వాత పక్కన కూర్చుని చదివించాలి.