చవక లైట్‌సేబర్: పిడికి మార్కులు, బ్లేడుకు కోత

సినిమాలో వాడిన అసలు వస్తువుల మీద మనం ఆశ పెట్టుకోనక్కర్లేదు. 1977 స్టార్ వార్స్‌లో హాన్ సోలో పాత్ర పట్టుకున్న బ్లాస్టర్ తుపాకీ 2022లో వేలానికొస్తే పది లక్షల డాలర్లు దాటేసింది. నా వాటాకి నకళ్లే. ఈసారి తెప్పించుకున్నది అదే సినిమాలో హీరో ల్యూక్ పట్టుకునే వెలుగు కత్తి, అంటే లైట్‌సేబర్, అందులోనూ చవక రకం.

చవక అని చిన్నబుచ్చుకోవడానికి లేదు. అసలుదే పాత సామాను అతికించి చేసింది. గ్రాఫ్లెక్స్ కంపెనీ వాళ్ల పాత కెమెరా ఫ్లాష్ పిడి తీసుకుని, చుట్టూ నల్ల పట్టీలు అంటించి, బిగింపులో (క్లాంప్‌లో) పాత క్యాలికులేటర్ డిస్‌ప్లే మీద బుడగల్లా ఉండే లెన్సుల ముక్కని దూర్చారు. ఆ కోట్ల బ్లాస్టరూ అంతే, మౌజర్ పిస్టల్‌కి స్కోప్ తగిలించినదే.

నాకొచ్చిన పిడి అల్యూమినియంది. చేతిలోకి తీసుకోగానే బొమ్మ కాదని తెలుస్తుంది. బిగింపు మీద మీట నిజంగానే తెరుచుకుంటుంది. బుడగల ముక్క కూడా పెట్టారు, అక్కడ మనసు పారేసుకున్నా. ఎర్ర బటన్ మాత్రం ఉత్త అలంకారం, నొక్కితే ఏమీ కాదు. స్విచ్ వేరే చోట ఉంది. నల్ల పట్టీల్లో ఒకటి వచ్చేటప్పటికే అంచు లేచి ఉంది. అమ్మినవాళ్లకి ఫొటో పెడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఫెవిక్విక్‌తో నేనే అతికించుకున్నా.

అసలు తేడా బ్లేడు దగ్గరే. దీనిది బేస్‌లిట్, అంటే ఎల్ఈడీ పిడిలోనే ఉండి, ఖాళీ పాలికార్బనేట్ గొట్టంలోకి వెలుగు కొడుతుంది. పిడి దగ్గర కళ్లు చెదిరేంత వెలుగు, కొసకి వెళ్లేసరికి నీరసం. పగటి పూట ఫొటో తీస్తే మరీ వెలవెలబోతుంది. ఖరీదైన పిక్సెల్ రకంలో ఎల్ఈడీలు బ్లేడు పొడవునా ఉంటాయి కాబట్టి వెలుగు కింద నుంచి పైకి పాకుతూ లేస్తుంది, సినిమాలో లాగే. కానీ దాంతో గట్టిగా కత్తియుద్ధం చేస్తే లోపలి ఎల్ఈడీ పట్టీ పాడవుతుందని టెన్షన్. నా దాన్ని మా మేనల్లుడు ఎడాపెడా కొట్టినా బ్లేడుకి ఏమీ కాలేదు. పిడిలో దాన్ని పట్టి ఉంచే బుల్లి స్క్రూ మాత్రం వదులై గిలకలాగా మోగింది. అలెన్ కీ దగ్గర పెట్టుకోండి.

శబ్దం ఫర్వాలేదు. ఊపితే హమ్మింగ్ కాస్త ఆలస్యంగా అందుకుంటుంది, అది కొంచెం చిరాకే.

అల్మారాలో పెట్టుకుని అప్పుడప్పుడూ చేత్తో పట్టుకునేవాళ్లకి ఇది చాలు. వీడియోలు తీసేవాళ్లయితే ఆగి, డబ్బు కూడబెట్టి పిక్సెల్ కొనండి. ఏది కొన్నా బ్యాటరీ బయటికి తీసి మార్చుకునే వీలుందో లేదో ముందే అడగండి. నా దాంట్లో లోపలే సీల్ చేసేశారు, ఆ ఒక్కదానికే ఒక స్టార్ కోస్తున్నా.