జింక వేటకు కాంపౌండ్ విల్లా, రికర్వ్ విల్లా?

రికర్వ్ అంటే కొసలు ముందుకు వంగిన విల్లు; కాంపౌండ్ అంటే కొసల్లో క్యామ్‌లనే చక్రాలున్న విల్లు. అసలు తేడా నారి పూర్తిగా లాగాకే తెలుస్తుంది. లాగడానికి 50 పౌండ్ల బలం కావాల్సిన రికర్వ్‌ను చెంపదాకా లాగితే ఆ 50 పౌండ్లూ వేళ్ల మీదే ఉంటాయి. కాసేపటికే భుజం వణకడం మొదలవుతుంది. కాంపౌండ్‌లో క్యామ్‌లు తిరిగి సాధారణంగా 80 శాతం దాకా బరువు దించేస్తాయి, అంటే 60 పౌండ్ల విల్లును 12 పౌండ్లతో పట్టుకోవచ్చు. జింక చెట్టు చాటున ఆగిపోయి, పక్కకు తిరిగేదాకా ఎక్కుపెట్టి ఉండాల్సి వచ్చినప్పుడు వేటను తేల్చేది ఇదే.

సైట్ పిన్నులు (గురి చూసుకునే గుర్తులు) ఉన్న కాంపౌండ్‌తో బాగా సాధన చేసినవాళ్లకు 30 గజాలు కష్టం కాదు. రికర్వ్‌తో చాలామంది 20 గజాలు దాటరు, దాటకపోవడమే మంచిది. గాయపడ్డ జింక తప్పించుకుపోతే ఆ పాపం ఎవరిది?

రికర్వ్ బరువు తక్కువ. నారి తెగితే అడవిలోనే మార్చుకోవచ్చు; కాంపౌండ్‌కు సాధారణంగా ప్రెస్ (విల్లును వంచి పట్టే పరికరం) కావాలి.

కొత్తవాళ్లకైతే నా ఓటు కాంపౌండ్‌కే. రోజూ సాధన చేసే ఓపిక ఉంటేనే రికర్వ్ జోలికి వెళ్లండి. ఏదైనా సరే, బ్రాడ్‌హెడ్ (వేట బాణం మొన) పదునుగా ఉండాలి, గురి ముందుకాలి వెనక, గుండె, ఊపిరితిత్తులకే. వేటకు అనుమతి, విల్లుకు కనీస పౌండ్ల నిబంధన ముందే చూసుకోండి. బాణం లేకుండా నారి మాత్రం వదలకండి, లింబులు (విల్లు చేతులు) విరిగిపోవచ్చు.