స్పైడర్‌మ్యాన్ 2: హోవర్డ్ పావురాల కోసమే మళ్లీ మొదలుపెట్టాను

స్పైడర్‌మ్యాన్ 2 వీడియో గేమ్ కథ, విలన్లు, గ్రాఫిక్స్ గురించి ఈపాటికి అందరికీ తెలుసు, వాటి జోలికి పోను. 2018లో మొదటి గేమ్ వచ్చినప్పటి నుంచి ఈ సిరీస్ ఆడుతున్నాను. ఇన్నేళ్లలో నా మనసుకు బాగా పట్టింది పెద్ద పెద్ద ఫైట్లు కాదు, అసలు కథకు పక్కన వచ్చే ఒక చిన్న సైడ్ మిషన్. దాని ముగింపు కింద చెప్పేస్తున్నాను, ఇంకా ఆడనివాళ్లు ఆడాకే చదవండి.

మొదటి గేమ్‌లో హోవర్డ్ అని ఇల్లూ వాకిలీ లేని ఒక పెద్దాయన ఉంటాడు. ఆయన 12 పావురాలూ ఊరి మీద పడి ఎగిరిపోతాయి, మనం పట్టి తేవాలి. చేసేదల్లా సాలెగూడు దారం పట్టుకుని ఊగుతూ వెంటపడటం, అందేంత దగ్గరికి వెళ్లి కంట్రోలర్ మీద ట్రయాంగిల్ బటన్ నొక్కడం, అంతే. మనం ఊపు మీద పైకి లేచేసరికి పావురం సందులోకి దూరిపోతుంది. ఆ వెంటపడటంలోనే మజా ఉంది కానీ, అది అయిపోయాక హోవర్డ్ పెద్దగా గుర్తుండడు.

2023 అక్టోబర్‌లో రెండో గేమ్ వచ్చింది. అందులో మళ్లీ అదే హోవర్డ్, అవే పావురాలు. ఈసారి వాటిని కొత్త చోటికి చేర్చమంటాడు. మొదటి గేమ్‌లో మనం వాటిని తరిమాం, ఇప్పుడు వెబ్ వింగ్స్ (సూట్‌కి ఉండే రెక్కలు) చాపుకొని వాటితో కలిసి ఎగురుతాం. కొట్టుకోవడాలు లేవు, టైమర్ లేదు. కింద న్యూయార్క్, పక్కన పావురాలు. అవి గూటికి చేరేసరికి ఇక్కడ హోవర్డ్ చనిపోయాడు. ఆయన ఎందుకు అడిగాడో అప్పుడు అర్థమైంది. కంట్రోలర్ పక్కన పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాను. ఐదేళ్ల కిందటి పావురాల వేటకు ఇంత విలువ తెచ్చిపెట్టిన రచయితలకు దండం పెట్టాలి.

రెండో గేమ్‌లోనే హేలీ అనే అమ్మాయి గ్రాఫిటీ (గోడబొమ్మల) మిషన్ కూడా ఈ కోవలోదే. అందులో మనం స్పైడర్‌మ్యాన్ కాదు, హేలీనే. ఆమెకు వినపడదు కాబట్టి మనకూ ఊరి రొద వినపడదు.

అయితే ఒక మాట. మా తమ్ముడు నేరుగా రెండో గేమ్‌తో మొదలుపెట్టాడు. పావురాల మిషన్ బాగుందన్నాడు, అంతకుమించి ఏమీ అనిపించలేదట. 2018లో వాటి వెంట పరుగెత్తి ఉంటేనే ఇది గుండెకు తగులుతుంది.

ఇక మళ్లీ ఆడే సంగతి. రెండో గేమ్ విడుదలైనప్పుడు న్యూ గేమ్ ప్లస్ (సంపాదించినవి ఉంచుకుని కథను మొదటి నుంచి ఆడే వీలు) లేదు, 2024 మార్చిలో అప్‌డేట్‌తో వచ్చింది. హోవర్డ్ కోసమే మొదలుపెట్టాను. ఆ మిషన్ రెండోసారీ అంతే పట్టేసింది, ముగింపు ముందే తెలియడం వల్ల ఆయన ప్రతి మాటా వేరేలా వినిపించింది. కానీ దాని చుట్టూ ఉన్న డ్రోన్లు, స్థావరాలు, దారిలో తగిలే క్రైములు మొదటిసారి ఇచ్చిన ఊపు ఇవ్వలేదు. సూట్లు, స్కిల్స్ అన్నీ ముందే చేతిలో ఉండేసరికి వాటిలో టెన్షన్ మిగల్లేదు.

మళ్లీ ఆడే విషయంలో మొదటి గేమే మెరుగని ఇన్నాళ్లూ అందరికీ చెప్పేవాణ్ని. అక్కడ 55 బ్యాక్‌ప్యాకులు ఉంటాయి. ఒక్కోదాంట్లో పీటర్ (స్పైడర్‌మ్యాన్ అసలు పేరు) పాత వస్తువు, దాని గురించి రెండు ముక్కలు. ప్రేయసి ఎంజేతో మొదటిసారి బయటికెళ్లిన చోటి మెనూ లాంటివి. అవి ఇప్పటికీ బాగుంటాయి. ఈ మధ్య అన్నిటికన్నా కష్టమైన అల్టిమేట్ లెవెల్లో మొదటి గేమ్ మళ్లీ పెట్టినప్పుడు మాత్రం ఒక్కో ఏరియాలో ఒక్కో ముఠావి ఐదేసి క్రైములు ఆపాలంటే ప్రాణం మీదికొచ్చింది. అదే కారు ఛేజ్, అదే రూఫ్ మీద గొడవ.

నాకు ఆడే వీలు పాప పడుకున్నాక గంటో, అరగంటో. అంత టైంలో ఒక చిన్న కథ పూర్తయితే ఎంతో తృప్తి, అందుకే నాకు రెండో గేమ్ నచ్చింది. సెలవు రోజంతా కూర్చుని మ్యాప్ మొత్తం ఊడ్చేసేవాళ్లకు అది త్వరగా అయిపోయినట్టు అనిపించవచ్చు. పూర్తి ధర పెట్టమని చెప్పలేను, డిస్కౌంట్‌లో దొరికితే రెండూ తీసుకోండి. ముందు 2018 గేమ్ ఆడండి, మిగతా ఏది వదిలేసినా పావురాలను మాత్రం వదలకండి.